తొలికాన్పు మూట

పుట్టబోయే బిడ్డకు ముందుగా ఏమీ కొనకూడదని మన ఇళ్ళల్లో ఒక మాట ఉంది. కొంటే దిష్టి అంటారు, కీడు అంటారు. కీడు సంగతి నాకు తెలీదు. ఇరవై ఏడేళ్ళు మిల్లులో నూలుతోనే బతికినదాన్ని, చదువు అయిదో తరగతి. బట్ట గురించి మాత్రం నాకు తెలుసు కాబట్టి చెప్తా ఉన్నా, ఆ మాటలో కొంచెం మంచి ఉంది. అంగడిలో నుంచి నేరుగా తెచ్చిన కొత్తబట్ట పసిబిడ్డ ఒంటికి పనికిరాదు.

ఎందుకో మిల్లు మనుషులకు చెప్పనక్కరలేదు గానీ, కోడళ్ళుగా వచ్చిన పిల్లలకు తెలియకపోవచ్చు. మగ్గం మీదికి ఎక్కే పడుగు నూలు తెగకుండా ఉండాలని దానికి గంజి పట్టిస్తారు. సైజింగ్ అంటారు దాన్ని. బట్ట తయారైనాక రంగు నిలబడేదానికి, నిగనిగా కనపడేదానికి ఇంకా ఏవేవో మందులు వేస్తారు. కొత్త చొక్కా వేసుకుంటే మనకే మెడకాడ దురద పెడుతుంది కదా, ఇంక ఆ లేత చర్మానికి ఎట్లుంటుంది? కాబట్టి కొనండి, తప్పు లేదు. కొన్నాక రెండుసార్లు వేడినీళ్ళలో ఉతికి, సబ్బు అంతా పోయేదాకా జాడించి, ఎండలో ఆరేసి ఎత్తిపెట్టుకోండి. బనియన్ బట్ట అయితే ఇంకా మేలు. మెడ వెనకాల కుట్టిన లేబుల్ కత్తిరించెయ్యండి, అది గీరుకుంటుంది.

కాటన్ అని చెప్పి పాలిస్టర్ కలిపినది అంటగట్టే అంగళ్ళు చాలా ఉన్నాయి. నమ్మకం లేకపోతే అంచులో నుంచి రెండు పోగులు పీకి, వాకిట్లోకి పోయి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలు అయితే కాగితం మాదిరి కాలి, కాగితం వాసనే వచ్చి, బూడిద అయిపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి, చల్లారినాక గట్టి గుండు మాదిరి మిగులుతుంది. గుండు మిగిలిన బట్ట బిడ్డకు వద్దు. చెమట పీల్చదు, పేలుతుంది.

అన్నిటికన్నా మంచి బట్ట మీ ఇంట్లోనే ఉంది. తాత కట్టి కట్టి మెత్తబడిన పంచె, అవ్వ పాత నూలు చీర. యాభై ఉతుకులు తిన్న బట్టకు మించిన మెత్తన ఏ మిల్లులోనూ తయారు కాదు. చినుగులు లేని భాగం చూసుకుని, చదరంగా కత్తిరించి, అంచులు మడిచి కుట్టుకుంటే లంగోటీలు అయిపోతాయి. ఎన్ని కావాల అని అడుగుతారు. మొదటి ఒకటి రెండు రోజులు బిడ్డ తక్కువగానే తడుపుతుంది. పాలు బాగా పడి వారం తిరిగేసరికి రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా తడపాల, అది బిడ్డకు పాలు చాలుతా ఉన్నాయనే దానికి గుర్తు కూడా. మన హొసూరులో ముసురు పట్టిందంటే రెండు రోజులైనా బట్ట ఆరదు. అందుకని ఇరవై అయిదు ముప్ఫై ఉంటే గుండె నిబ్బరంగా ఉంటుంది. అంగట్లో దొరికే పేంపర్లు ఆసుపత్రి దోవకు, రాత్రికి ఒకటి అరా వాడుకోండి, కాదనను. రోజంతా అవే కట్టి పెట్టొద్దు. తొడల సందున ఎర్రగా ఒరిసిపోతుంది. జీతం కూడా దానికే పోతుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఎత్తిపెట్టిన బట్టల్లో కలరా ఉండలు వెయ్యొద్దు. ఆ తెల్ల ఉండల వాసన పట్టిన బట్టలు వేస్తే కొందరు బిడ్డలకు నెత్తురు విరిగి, కామెర్లు ముదిరిపోతాయి. ఏ బిడ్డ ఒంటి తత్వం అట్లాంటిదో ముందుగా తెలీదు. ట్రంకు పెట్టెలో నుంచి తీసిన పాత పసిపిల్లల బట్టలు ఎవరైనా ఇస్తే కూడా ఉతికి, బాగా ఎండబెట్టి, వాసన పూర్తిగా పోయినాకనే వాడండి. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు చాలు.

బట్ట సంగతి ఇంతసేపు చెప్పినా, ఇప్పుడు దుడ్డు సంగతి. ఇది తెలియక పోగొట్టుకున్నవాళ్ళను ఎందరినో చూసినా.

నెల తప్పిందని తెలియగానే మొదట చెప్పాల్సింది మొగుడికి, రెండోది నర్సమ్మకు. మూడు నెలలు నిండేదాకా ఎవరికీ చెప్పకూడదని దాచిపెడతారు. ఊరికి చెప్పొద్దు, సరే. నర్సమ్మకు మాత్రం చెప్పండి. పన్నెండు వారాల లోపల పేరు రాయించుకుంటేనే తమిళనాడు ప్రభుత్వం ఇచ్చే డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పథకం దక్కేది. ఈ ముత్తులక్ష్మి రెడ్డి ఎవరంటే, 1886లో పుదుక్కోట్టలో పుట్టి, ఆడపిల్లలు పెద్ద చదువుకు పోని కాలంలోనే డాక్టరు చదివి, 1927లో మద్రాసు శాసనమండలిలో మొదటి ఆడ సభ్యురాలు అయిన తల్లి. ఆ పేరు మీద పేద ఇళ్ళ గర్భిణులకు మొత్తం 18,000 రూపాయలు వస్తుంది. కొంత బ్యాంకులోకి దుడ్డుగా, కొంత సత్తుపిండి, ఖర్జూరం, నెయ్యి, ఐరన్ టానిక్కు ఉండే పెట్టెగా ఇస్తారు. వయసు పంతొమ్మిది నిండి ఉండాల, మొదటి రెండు కాన్పులకే. మీ ఇంటికి వర్తిస్తుందా లేదా, ఏ నెలలో ఎంత పడుతుంది అనేది నర్సమ్మను అడిగి కాగితం మీద రాయించుకోండి.

పేరు రాయించుకున్నప్పుడు ఒక నంబరు ఇస్తారు. పిక్మీ నంబరు అంటారు మనోళ్ళు. దాన్ని భద్రంగా పెట్టుకోండి. కాన్పు దగ్గరికి పోయినప్పుడు, తర్వాత బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టు తీసుకునేటప్పుడు మొదట అడిగేది అదే. బ్యాంకు ఖాతా మీ పేరు మీద ఉండాల, అత్త పేరు మీదా మొగుడి పేరు మీదా కాదు. పెళ్ళికి ముందు నాయన ఇనీషియల్, పెళ్ళయినాక మొగుడి ఇనీషియల్. ఆధార్‌లో ఒకటి, పాస్‌బుక్కులో ఇంకొకటి ఉంటే డబ్బు దోవలోనే ఆగిపోతుంది. అయిదో నెలలోపల రెండూ ఒకటిగా సరి చేయించుకోండి. బొద్దుగా ఉన్న కడుపుతో బ్యాంకు మెట్లు ఎక్కి దిగడం కష్టం.

ఇంక మిల్లు. ప్రసూతి చట్టం 1961లో వచ్చింది. మా కాలంలో జీతంతో సెలవు పన్నెండు వారాలే. 2017లో దాన్ని 26 వారాలకు పెంచినారు, మొదటి రెండు కాన్పులకు. అందులో ఎనిమిది వారాలకు మించకుండా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లో కూడా ఆ 26 వారాలే ఉన్నాయి. కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పని చేసి ఉండాల. ఇ.ఎస్.ఐ. పట్టుకునే చోట అయితే లెక్క వేరే, ముందటి రెండు చందా కాలాల్లో 70 రోజుల చందా కట్టి ఉంటే చాలు, ఆ 26 వారాల జీతం మిల్లు కాకుండా ఇ.ఎస్.ఐ. ఇస్తుంది. కాంట్రాక్టు మీద పోయే పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. "నువ్వు కాంట్రాక్టు, నీకు లేదు" అని మేస్త్రి చెప్తే నమ్మొద్దు. జీతం చీటీలో ఇ.ఎస్.ఐ. పట్టినట్లు ఉందా, ఆ దుడ్డు నిజంగా కట్టినారా అని గర్భం రాకముందే చూసుకోవాల. నేను పని చేసిన ఒక చోట చీటీలో పట్టినట్లు రాసి, రెండేళ్ళు కట్టనేలేదు. నాతో పని చేసిన పిల్ల ఒకతి కాన్పుకు పోయినాక ఆ సంగతి బయటపడింది. యూనియన్ వాళ్ళు కొట్లాడితే కొంత వచ్చింది గానీ, బిడ్డకు ఏడాది దాటింది అప్పటికి.

కడుపుతో ఉన్నందుకు, ప్రసూతి సెలవులో ఉన్నందుకు పనిలో నుంచి తీసేసేదానికి లేదు. కాన్పు అయినాక ఆరు వారాలు పని చేయించకూడదు, మీరు చేస్తానన్నా సరే. చివరి పది వారాల్లో మీరు అడిగితే గంటల తరబడి నిలబడే పని పెట్టకూడదని చట్టంలోనే ఉంది. అడగాల, అడగనిది ఎవరూ ఇయ్యరు. స్పిన్నింగ్‌లో ఫ్రేముల మధ్య ఒక షిఫ్టుకు ఎన్ని మైళ్ళు నడుస్తామో మన కాళ్ళకే తెలుసు. కూర్చుని చేసే చెకింగ్, కోన్లకు చీటీలు అంటించే పని ఇయ్యమని కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి.

తిండి గురించి చాలామంది చెప్తారు, నేను కొంచెమే చెప్తా. మన వైపు రాగిముద్ద, అనపగింజల పులుసు, ఉలవచారు, ఆకుకూర. ఇంతకన్నా మంచి తిండి పట్నం డాక్టరమ్మలు కూడా చెప్పలేరు. ఐరన్ మాత్రలు ఇస్తారు, వాటితో కాఫీ టీ పనికిరాదు. మిల్లులో రెండు గంటలకు ఒకసారి టీ తాగే అలవాటు మనది, ఆ టీ మాత్ర సత్తువను మింగేస్తుంది. రాత్రి అన్నం తిన్నాక, ఒక జామకాయ ముక్కతోనో నిమ్మకాయ నీళ్ళతోనో వేసుకోండి. కాల్షియం మాత్ర వేరే పూటకు. దొడ్డికి నల్లగా పోతే భయపడొద్దు, అది ఐరన్ గుర్తే. ప్రతి నెల 9వ తేదీ సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు చూస్తారు, ఆ రోజు సెలవు పెట్టి అయినా పోండి. స్కానింగులో ఆడో మగో అడగొద్దు. అడిగినా, చెప్పినా నేరమే. మన జిల్లాలు ఆ పాపం వల్ల చాలాకాలం చెడ్డపేరు మోసినాయి.

ఏడో నెల దాటినాక తలనొప్పి తగ్గకపోవడం, కళ్ళు మసకలు, మొగం చేతులు ఉబ్బడం ఈ మూడూ బి.పి. గుర్తులు. "కడుపుతో ఉంటే ఉబ్బుతుందిలే" అని అత్తలు అంటారు. పాదాలు ఉబ్బితే అనుకోవచ్చు, మొగం ఉబ్బితే ఆ పొద్దే ఆసుపత్రికి పోవాల. నెత్తురు కనపడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా చూసుకునే పని లేదు. 108కి ఫోను చెయ్యండి, దుడ్డు అడగరు.

ఇప్పుడు మూట. ఎనిమిదో నెల నిండేసరికి ఒక సంచిలో కట్టి తలుపు పక్కన పెట్టుకోవాల. తల్లికి ముందు బొత్తాలు ఉండే నైటీలు మూడు, లోపలి బట్టలు, ప్యాడ్లు రెండు పొట్లాలు, దువ్వెన, సబ్బు, తుండు, తట్టా లోటా, వేడినీళ్ళ ఫ్లాస్కు. బిడ్డకు ఉతికి ఎండేసిన మెత్తటి నూలు గుడ్డలు అయిదారు, టోపీలు రెండు, కాలిమేజోళ్ళు, లంగోటీలు, ఒక కంబళి. కాగితాలు వేరే ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. తల్లీబిడ్డ కార్డు, పిక్మీ నంబరు, ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్కు నకలు, ఇ.ఎస్.ఐ. కార్డు, స్కానింగు చీటీలు, నెత్తురు గ్రూపు చీటీ. మీ గ్రూపు నెత్తురు ఇయ్యగలిగిన మనుషులు ఇద్దరి ఫోను నంబర్లు ఒక చీటీ మీద రాసి ఇంటి గోడకు అంటించండి. ఫోను ఛార్జరు మర్చిపోతారు, అది మొదట పెట్టండి. సర్కారు ఆసుపత్రిలో కాన్పుకు, ఆపరేషనుకు, మందులకు దుడ్డు కట్టనక్కరలేదు. 2011 నుంచి దేశమంతా ఉన్న పద్ధతి ఇది. అయినా చేతిలో కొంచెం చిల్లర ఉండాల. వెంట వచ్చిన వాళ్ళు టీ తాగొద్దా?

తొలికాన్పు నొప్పులు చాలాసేపు ఉంటాయి. నొప్పి అయిదు నిమిషాలకు ఒకసారి క్రమంగా వస్తా ఉంటే బయల్దేరాల. ఈ లెక్క హొసూరు, కృష్ణగిరి పట్నాల్లో ఉండేవాళ్ళకు. అంచెట్టి, తళి, డెంకణికోట పక్క అడవి పల్లెల్లో పుట్టిల్లు ఉంటే ఈ లెక్క చాలదు. రాత్రిపూట దోవలో ఏనుగులు నిలబడతాయి, బండి పోలేదు. డాక్టరు చెప్పిన తేదీకి పది రోజుల ముందే ఆసుపత్రికి దగ్గరలో ఉండే బంధువుల ఇంటికి వచ్చెయ్యండి. పుట్టిల్లు కుప్పం పక్కనో మాలూరు పక్కనో ఉండి, గాజులు తొడిగినాక అక్కడికి పోయేవాళ్ళు నర్సమ్మకు చెప్పి, కార్డు చేతిలో పెట్టుకుని పోండి. రాష్ట్రం మారితే పథకం దుడ్డు ఏమవుతుందో పోకముందే అడగండి, వచ్చినాక కాదు.

బిడ్డ పుట్టినాక మొదటి గంటలోనే రొమ్ము పట్టించాల. ఆపరేషను అయినా అంతే. పచ్చగా చిక్కగా వచ్చే ముర్రుపాలు పిండి పారబోసే ఇళ్ళు ఇంకా ఉన్నాయంటే నాకు కోపం వస్తుంది. బిడ్డకు మొదటి టీకా మాదిరి అది. తేనె నాకించడం, చక్కెర నీళ్ళు, వస అరగదీసి పోయడం ఏదీ వద్దు. తేనె ఏడాది నిండేదాకా వద్దు. గాడిదను తోలుకుని వీధిలోకి వస్తారు చూడండి, "గాడిదపాలు పోస్తే బిడ్డకు దగ్గు రాదు, గొంతు బాగుంటుంది" అంటా. చిన్న గిన్నెడుకు ఎంత దుడ్డు గుంజుతారో! ఎక్కడ పిండిందో, ఏ చేత్తో పిండిందో తెలియని పచ్చిపాలు పది రోజుల బిడ్డ గొంతులో పోస్తే వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. ఆ దుడ్డుతో తల్లికి గుడ్లు కొనిపెట్టండి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దు, ఎండాకాలం అయినా సరే.

పాలు పట్టని బిడ్డకే నీళ్ళు వద్దు అంటున్నా గానీ తల్లికి కాదు. మన వైపు బాలింతకు పత్యం అని చెప్పి దాహానికి కూడా నీళ్ళు ఇయ్యరు, వెల్లుల్లి కారంతో పిడికెడు అన్నం పెడతారు. బాలింతకు నీళ్ళు ఇస్తే బిడ్డకు జలుబు చేస్తుందంట. పాలు దేంతో తయారవుతాయి మరి? వెల్లుల్లి పెట్టండి, మంచిదే, దాంతోపాటు పప్పు, ఆకుకూర, గుడ్డు, చెంబు నిండా నీళ్ళు పెట్టండి. ఈ మాట చదివే అత్తలకు చెప్తా ఉన్నా, కోడళ్ళకు కాదు. వాళ్ళకు అడిగే ధైర్యం ఉండదు.

మన ఊరు చలి ఊరు. తెల్లదొరల కాలంలో హొసూరును చిన్న ఇంగ్లాండు అన్నారంట. మార్గశిరం, పుష్యం నెలల్లో పుట్టిన బిడ్డకు మొదటి శత్రువు చలే. పుట్టిన రోజు నీళ్ళు పోయొద్దు, ఒక రోజు గడవనియ్యండి. తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్ళు తగిలేటట్లు బిడ్డను పెట్టుకుని, పైన దుప్పటి కప్పుకోండి. తక్కువ బరువు బిడ్డలను బతికించేదానికి ఆసుపత్రుల్లో కూడా ఇదే చేయిస్తారు. సాంబ్రాణి పొగ వద్దు, మిల్లు దుమ్ముతోనే మన ఇళ్ళల్లో సగం మందికి ఊపిరి ఆడదు, పసిబిడ్డ తిత్తులకు పొగ ఎందుకు? బొడ్డు మీద పసుపు, బూడిద, నూనె ఏదీ పెట్టొద్దు, పొడిగా వదిలేస్తే దానంతట అదే ఊడుతుంది. కాటుక కంట్లో పెట్టొద్దు. దిష్టికి అరికాలిలో చుక్క పెట్టుకోండి, దానికి ఎవరూ అడ్డం చెప్పరు. వెల్లకిలా పడుకోబెట్టండి. చీర ఉయ్యాలలో మెడ వంగి గడ్డం రొమ్ముకు ఆనుకోకుండా చూసుకోండి, రాత్రంతా అందులో వదిలెయ్యొద్దు.

నాయనలకు ఒక మాట. షిఫ్టు దిగి వచ్చి, జుట్టులో దూదిపొట్టుతో, చొక్కా మీద మిషను నూనెతో బిడ్డను ఎత్తుకోవద్దు. స్నానం చేసి, బట్ట మార్చుకుని ఎత్తుకోండి. ఎత్తుకోవడం మాత్రం మానొద్దు. లంగోటీలు ఉతికితే మగతనం పోదు.

బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా కాలినా, ఊపిరి గసపోస్తా ఉన్నా, పసుపు అరచేతులకు అరికాళ్ళకు దిగినా వెంటనే ఆసుపత్రికి. తల్లికి గంటకు ఒక ప్యాడు తడిసిపోతా ఉంటే, చలిజ్వరం వస్తే, పిక్క ఒకపక్క వాచి నొప్పి పెడితే అంతే. బాలింత ఊరికే ఏడుస్తా ఉంటే మొదటి వారంలో అది మామూలే. రెండు వారాలు దాటినా ఏడుస్తా, బిడ్డను చూడకుండా ఉంటే దయ్యం పట్టిందని మంత్రగాడి దగ్గరికి తీసుకుపోవద్దు, డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోండి. దానికి మందు ఉంది.

21 రోజుల లోపల పుట్టుక రాయించండి, ఖర్చు లేదు. పేరు తర్వాత అయినా ఎక్కించుకోవచ్చు, ఏడాది లోపల అయితే దానికీ ఖర్చు లేదు. మన తెలుగు పేర్లతో ఇక్కడ ఒక చిక్కు ఉంది. అరవంలో ప, ఫ, బ, భ అన్నిటికీ ఒకటే అక్షరం. మీరు భార్గవి అని చెప్తారు, వాళ్ళు అరవంలో రాస్తారు, దాన్ని చూసి ఇంగ్లీషులో ఎక్కించేవాళ్ళు పార్గవి అని ఎక్కిస్తారు. తర్వాత బడిలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో తిరగాల. ఇంగ్లీషు అక్షరాలు మీరే చీటీ మీద రాసి ఇచ్చి, అచ్చు వేయకముందు ఒకసారి చదువుకోండి. చదువు రాకపోతే పక్కింటి బడిపిల్లను వెంట తీసుకుపోండి.

26 వారాలు అంటే ఆరు నెలలు. మీరు మళ్ళీ గేటులో కార్డు పెట్టే నాటికి బిడ్డ మెత్తటి రాగిజావ, పప్పన్నం తినడం మొదలుపెడుతుంది, అయినా పాలు ఆపొద్దు. పనికి పోయే ముందు శుభ్రమైన స్టీలు గిన్నెలో పిండి మూతపెట్టి పోతే నాలుగు గంటలు బయటే నిలుస్తాయి, చెమ్చాతో పట్టొచ్చు, సీసా వద్దు. యాభై మంది, అంతకు పైన పని చేసే చోట పిల్లల గది ఉండాల, రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసుకునే హక్కు తల్లికి ఉంది. బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా పాలిచ్చేదానికి రోజుకు రెండు విరామాలు కూడా ఇయ్యాల. మీ మిల్లులో ఆ గదికి తాళం వేసి, లోపల ఖాళీ కోన్ల పెట్టెలు పేర్చి ఉంటే, సెలవుకు పోకముందే నలుగురు కలిసి అడగండి. తిరిగి వచ్చేనాటికి ఆరు నెలలు టైము ఉంటుంది వాళ్ళకు, పెట్టెలు తీసేదానికి.